తాళంచెవి మన చేతిలోనే ఉండాలి

(సెలవులకు ఇళ్ళకు వచ్చిన మిల్లు కార్మికుల సమావేశంలో, రాయగడలో, సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తిరుప్పూరు నుంచి, కోయంబత్తూరు నుంచి, సూరత్ నుంచి సెలవు పెట్టుకొని వచ్చినవాళ్ళు ఇక్కడ సగానికి పైగా ఉన్నారు. రాయగడ, గుణుపురం, కొరాపుట్, జయపురం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన మన తెలుగువాళ్ళు మిగతావాళ్ళు. మామూలుగా ఇలాంటి సమావేశంలో మనం బోనసు గురించి, ఓవర్‌టైము గురించి, హాస్టలు తిండి గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు ఫోనులో దాచుకున్న పాస్‌వర్డుల గురించి మాట్లాడుకోబోతున్నాం. యూనియనుకీ దీనికీ సంబంధం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉంది. మన జీతంలోంచి కోసిన డబ్బు దగ్గరికి వెళ్ళే దారి ఇప్పుడు ఆ ఫోనులోంచే పోతోంది.

వెనక మిల్లు మారితే పీఎఫ్ నంబరు కూడా మారేది. పాత చీటీ పోతే పాత డబ్బు కూడా పోయినట్టే. 2014లో యుఏఎన్ అనే 12 అంకెల నంబరు వచ్చింది. ఎన్ని మిల్లులు మారినా నంబరు ఒక్కటే. మూల వేతనం, కరువు భత్యం మీద నూటికి 12 రూపాయలు మన వాటా, అంతే మొత్తం యాజమాన్యం వాటా. అది మన చెమట డబ్బు. అయితే ఆ ఖాతా చూసుకోవాలన్నా, డబ్బు తీసుకోవాలన్నా పాస్‌వర్డు కావాలి, ఓటీపీ రావాలి. అక్కడే మనవాళ్ళు చిక్కుకుంటున్నారు.

మన జిల్లా చెల్లెలు ఒకామె సంగతి చెబుతాం. దూరపు స్పిన్నింగ్ మిల్లులో నాలుగేళ్ళు రింగ్ ఫ్రేముల దగ్గర తెగిన పోగులు అతికి ఇంటికి తిరిగివచ్చింది. తల్లికి ఆపరేషను. పీఎఫ్ తీద్దామని మన కార్యాలయానికి వచ్చింది. పాస్‌వర్డు ఏమిటని అడిగాం. “నాకు తెలీదండి, ఫోనులో అదే పడిపోయేది” అంది. ఆ ఫోను పగిలిపోయింది. కొత్త ఫోనులో పాత జీమెయిల్ వేస్తే పాస్‌వర్డులన్నీ తిరిగి రావాలి. కాని ఆ జీమెయిల్ ఆమెది కాదు. ఫోను అమ్మిన కొట్టులోని కుర్రాడు తొందరలో తన సొంత ఖాతా వేసి ఇచ్చాడు. అతను కొట్టు మానేసి వెళ్ళిపోయాడు. కొత్త పాస్‌వర్డు పెడదామంటే ఓటీపీ తమిళనాడు సిమ్ముకు పోతోంది. ఇంటికి రాగానే ఆ సిమ్ము తీసి పారేసింది. చివరికి అప్పు తెచ్చి ఆపరేషను చేయించారు. డబ్బు చేతికి వచ్చేసరికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల వడ్డీ ఎవరు కట్టారు? ఆ చెల్లెలే కట్టింది.

ఇక్కడ మా తప్పు కూడా ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. ఆ తర్వాత మన కార్యాలయం ఫోను తెరిచి చూసుకున్నాం. అందులో ముప్పై మందికి పైగా సభ్యుల పాస్‌వర్డులు ఉన్నాయి! సహాయం చేస్తున్నామనుకొని మేమే ఖాతాలు తెరిచాం, మేమే పాస్‌వర్డులు పెట్టాం. అన్నీ దాదాపు ఒకే తీరువి, ఊరి పేరు, పక్కన ఒకటి రెండు మూడు. సభ్యులకు చెప్పామా అంటే కొందరికి చెప్పాం, కొందరికి లేదు. మంచి మనసుతోనే చేశాం. అయినా మస్టరు రోలు తన సంచిలో పెట్టుకు తిరిగే మేస్త్రీకీ మనకీ తేడా ఏముంది?

ఈ కొండల్లో గోతి అనే వెట్టి ఉండేది. దాని మీదే గోపీనాథ్ మహంతి 1945లో ‘పరజా’ నవల రాశారు. వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో వేసినవాడికి తెలిసేది కాదు, కాగితం షావుకారు పెట్టెలో ఉండేది. 1976లో వెట్టిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఈరోజు మన వేలిముద్ర మన ఫోను తాళం తీస్తోంది. కాని లోపలి పెట్టె ఎవరిదో మనం చూసుకోవడం లేదు.

ఇప్పుడు అందరూ ఫోన్లు బయటికి తీయండి. కలిసి చూద్దాం.

మొదట, ఎక్కడ వెతకాలి? క్రోమ్ తెరవండి. పైన కుడి మూల మూడు చుక్కలుంటాయి. అవి నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్తే ‘గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్’ అని ఉంటుంది. అది నొక్కితే మనం ఎప్పుడో ‘సేవ్’ అని నొక్కినవన్నీ వరసగా కనిపిస్తాయి. ఒకదాన్ని తెరిస్తే ఫోను తాళం మళ్ళీ అడుగుతుంది. తాళం తీశాక కన్ను బొమ్మ నొక్కితే పాస్‌వర్డు కనిపిస్తుంది. ఐఫోనులో 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి ‘పాస్‌వర్డ్స్’ అని విడిగా యాప్ ఉంది. సామ్‌సంగ్ లాంటి కొన్ని కంపెనీల ఫోనుల్లో కంపెనీ సొంత పెట్టె కూడా ఉంటుంది. ఒకచోట కనబడకపోతే రెండోచోట చూడండి.

రెండోది అన్నిటికంటే ముఖ్యం. ఆ పెట్టె ఎవరి పేరున ఉంది? సెట్టింగ్స్ పైభాగాన ఈమెయిల్ కనిపిస్తుంది. అది మీదేనా? మనం ‘సేవ్’ అన్నది ఆ ఈమెయిల్ ఖాతాలోకి కూడా పోతుంది. ఆ ఖాతా కొట్టువాడిదైతే, కాంట్రాక్టరుదైతే, ఆఖరికి మన యూనియనుదైనా సరే, అతను తన ఫోనులో కూర్చొని మీ పాస్‌వర్డు చూడగలడు.

అలా ఉంటే కంగారుపడి ఆ ఖాతాను వెంటనే పీకేయకండి. ముందు మీ పేరున సొంత జీమెయిల్ తెరవండి. దాని పాస్‌వర్డు మీరే టైపు చేయండి. తర్వాత పీఎఫ్, బ్యాంకు వగైరా ఒక్కొక్కదానిలోకి వెళ్ళి పాస్‌వర్డు మార్చండి, కొత్తది మీ ఖాతాలో దాచండి. ఆ పైనే రెండోవాడి ఖాతా ఫోనులోంచి తీసేయండి. మార్చకుండా తీసేస్తే మీ పాత పాస్‌వర్డు అతని దగ్గర అలాగే ఉండిపోతుంది.

మూడోది, చాలామంది పొరబడే సంగతి. జాబితాలో ఒక పాస్‌వర్డు చెరిపేస్తే పీఎఫ్ ఖాతా చెరిగిపోదు, ఫోను జ్ఞాపకంలోంచి పోతుంది, అంతే. అలాగే జాబితాలో మార్చి రాసుకున్నంత మాత్రాన అసలు పాస్‌వర్డు మారదు. తలుపు తాళం మార్చకుండా చెవి మీద చీటీ మార్చినట్టవుతుంది. అసలు సైటులో మార్చాలి, తర్వాత ఇక్కడ దాచాలి. అక్కడే ‘చెకప్’ అని ఉంది. అది నొక్కితే బయటికి పొక్కినవి, నాలుగు చోట్ల ఒకటే వాడినవి, తేలిగ్గా ఊహించగలిగేవి విడదీసి చూపిస్తుంది. పొక్కినవాటిని ముందు మార్చండి.

నాలుగోది ఫోను తాళం. హాస్టలు గదిలో పదిమంది ఉంటాం, పాట కోసం ఫోను చేతులు మారుతుంది. మీ స్క్రీను పిన్ తెలిసినవాడికి పెట్టె మొత్తం తెలిసినట్టే. పుట్టిన సంవత్సరం, 1234 లాంటివి వద్దు. యూపీఐ పిన్ ఎక్కడా దాచకండి, ఎవరికీ చెప్పకండి. ‘బ్యాంకు పిన్’ అని కాంటాక్టుల్లో రాసుకోవడం, పాస్‌వర్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపడం ఈరోజుతో మానేయండి. నెట్ సెంటరు కంప్యూటరులో ‘సేవ్ చేయమంటారా’ అని అడిగితే వద్దనండి, పని అయ్యాక సైనవుట్ చేసి లేవండి.

ఐదోది సిమ్ము. రాష్ట్రం మారినప్పుడల్లా సిమ్ము మార్చే అలవాటు మనది. 90 రోజులు వాడని నంబరును కంపెనీ ఆపేయవచ్చు, కొన్నాళ్ళకు అది ఇంకొకరికి పోతుంది. అప్పుడు మీ ఓటీపీ వాళ్ళ ఫోనులో మోగుతుంది. పాత సిమ్ము తీసే ముందే ఆధార్‌లో, పీఎఫ్‌లో, బ్యాంకులో, జీమెయిల్‌లో కొత్త నంబరు ఎక్కించండి. మన కొండ ఊళ్ళలో సిగ్నలు అందక ఓటీపీ గడువు దాటిపోవడం మీకు తెలిసిందే. ఈ పనులు పట్నంలో ఉండగానే ముగించుకోండి.

ఫోను పోతే ఇంకో ఫోనులో మీ గూగుల్ ఖాతాలోకి వెళ్ళి ‘మీ పరికరాలు’ జాబితాలోంచి పోయిన ఫోనును సైనవుట్ చేయండి. పోలీసు ఫిర్యాదు ఇచ్చి, 2023లో వచ్చిన సంచార్ సాథీలో ఫోనును బ్లాకు చేయించండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోను చేయండి. ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది. ఇదంతా జరగాలంటే ఒక్క జీమెయిల్ పాస్‌వర్డు మాత్రం మీకు తెలిసివుండాలి. అది కాగితం మీద రాసి ఇంట్లో రేకుపెట్టెలో, పట్టా కాగితాల పక్కన పెట్టండి. హాస్టలుకు తీసుకుపోవద్దు.

సంఘం తీసుకున్న నిర్ణయాలు చెప్పి ముగిస్తాం. కార్యాలయం ఫోనులో ఉన్న సభ్యులందరినీ ఒక్కొక్కరిగా పిలుస్తాం. ఎవరి పాస్‌వర్డు వాళ్ళ చేతనే మార్పిస్తాం. తర్వాత వాళ్ళ ఎదుటే మన జాబితాలోంచి చెరిపేస్తాం. ఇకమీదట మేము పక్కన కూర్చొని చూపిస్తాం, టైపు చేసేది మాత్రం సభ్యుడే. చదువు రాని అప్పలకు ఆలస్యమవుతుంది, తెలుసు. ఆలస్యమైనా సరే, నేర్పుదాం. ప్రతి హాస్టలు నుంచి ఇద్దరు చెల్లెళ్ళు ఈరోజే నేర్చుకొని మిగతావాళ్ళకు నేర్పాలి.

ఇప్పుడు ఆ చెల్లెలు కూడా ఈ సభలోనే, ముందు వరసలోనే కూర్చుంది. నేర్పేవాళ్ళ జాబితాలో మొదటి పేరు ఆమే రాయించింది. మిగతా పేర్లు మీరు రాయించండి.

కూలి మనది. దాని తాళంచెవి కూడా మనదే కావాలి.