వంకకు దారి, మనిషికి దారి

పెన్న, చిత్రావతి, ఈ రెండు నదులును నందికొండల చుట్టుప్రక్కలనే పుట్టినవి. పెన్న హిందూపురము దిక్కున మన రాష్ట్రమున ప్రవేశించును. చిత్రావతి పుట్టపర్తి మీదుగా ధర్మవరమునకు సాగును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ సీమలో, చాల ఏండ్లు నదిలోని ఇసుకయే బాట. గొఱ్ఱెలమందలు, ఎద్దుబండ్లు, బడిపిల్లల సైకిళ్లు, వేకువనే నడకకు బయలుదేరు పెద్దలు, అందఱును ఆ ఇసుకలోనో, దానిపై వేసిన చప్టా మీదనో దాటుదురు. అచ్చట నది యొకటి కలదని మఱచుటకు పదేండ్లు చాలును.

2021 నవంబరులో ఆ మఱపు వదలినది. 19వ తేదీన చెన్నేకొత్తపల్లి మండలములోని వెల్దుర్తి వద్ద పదిమంది చిత్రావతి నడునీట చిక్కుకొనిరి. వారిలో కొందఱు కారులో వచ్చినవారు. తక్కినవారు వారిని కాపాడుటకై జె.సి.బి.తో దిగినవారు. తుదకు వాయుసేన హెలికాప్టరు వచ్చి అందఱిని పైకి తీసినది. ఆ వానలలోనే కడప జిల్లా కమలాపురము వద్ద పాపాఘ్ని వంతెన కూలినది.

నీటి బరువే వంతెనను విఱుచునని సామాన్యముగా తలతుము. నిజమునకు వరద పునాది క్రింది ఇసుకను తోడివేయును. చప్టా గొట్టములకు కంపచెట్లు అడ్డుపడగా, దారి లేని నీరు ప్రక్కనున్న మట్టికట్టను కోసికొని పోవును. వంతెన నిలిచియుండి, దానిని చేరు బాట మాయమైన చోట్లు తఱచు కనబడునవి ఇందువలననే. అట్టి చోట పాత కొలతకే మరల కట్టుట మాకు వింతగా తోచును. గొట్టములు తీసివేసి వెడల్పు కన్నులు విడువవలెను. పునాదికి దిగువను రాతి పఱుపు వేయవలెను.

అంతకంటె ముఖ్యము, ఎగువను చూచుట. పెనుకొండ కొండవాలుల నుండి దిగు వంకలైనను, ధర్మవరము చేరు నీరైనను చెరువు వెంట చెరువుగా వచ్చునవే. ఒక చెరువు మరువ నీరు క్రింది చెరువునకు చేరును. ఒక కట్ట తెగిన, ఆ నీరంతయు ఒక్కుమ్మడి దిగువ వంతెనపై పడును. 2005 అక్టోబరు 29న తెలంగాణములోని వలిగొండ వద్ద జరిగినది అదియే: తెగిన చెరువు నీటికి చిన్న రైలువంతెన కొట్టుకొనిపోగా, రైలు పడి నూరుగురికి పైగా మరణించిరి. కనుక వంతెన అంచనాలో ఎగువ చెరువుల మరువల బాగును చేరియుండవలెను. దానికి వేఱు శాఖ, వేఱు పద్దు అను మాట వరద వినదు.

క్రొత్త వంతెనల వెడల్పును లారీలను బట్టి నిర్ణయించుచున్నారు. కాలినడకవారికి అంచున మూడడుగుల మెట్టు, దానికొక గట్టి పిట్టగోడ ఏర్పఱచిన ఖర్చు పెద్దగా పెరుగదు. పెద్ద వంతెనకు సొమ్ము చాలని పల్లెలలో మునిగినను చెదరని చప్టాయే మేలు. కాని దానికి లోతు తెలుపు రాళ్లు, ఇరువైపుల గొలుసు, ఆ గొలుసు వేయుటకు పేరుపెట్టి నియమించిన మనిషి కావలెను. వడిగల నీరు జానెడు లోతున్నను మనిషి కాలు నిలువదు. మోకాటిలోతుకు కారును తేల్చును.

పునాది త్రవ్వుటకు సంక్రాంతి పిదప నది ఎండు మాసములే అదను. శ్రోతలలో నదీతీరవాసులు కలరు. వరద ఎంతవఱకు వచ్చినదో మీ గోడపై మరక యున్నచో, సున్నము వేయక ముందే మేకుతో గీటు గీసి, ఇంజనీరు వచ్చిన నాడు చూపుడు.