పాత బండి గేర్ల వ్యాధి – దాని నిదానము



మన చంద్రశేఖరపురము ప్రాంతమున పూర్వము ఎడ్లబండ్లు చేసిన పనిని నేడు చాలవఱకు చిన్న సరకుబండ్లు చేయుచున్నవి. కందులు కనిగిరికి పోవలెనన్నను, గొఱ్ఱెలు సంతకు పోవలెనన్నను, పామూరునుండి ఎరువులు రావలెనన్నను పికప్పు బండియే దిక్కు. ఎద్దు కుంటినచో కాలెత్తి చూచి, గిట్టలో ముల్లు నాటెనో కీలు బెణికెనో తెలిసికొను నేర్పు మీకందఱకు గలదు. ఇనుపబండి కుంటినప్పుడు మాత్రము మనము చేతులు కట్టుకొని నిలుచుచున్నాము. "గేర్లు పోయినవి" అని యొకడనగానే అప్పుకొఱకు బయలుదేరుచున్నాము. ఆ మాట విన్న తరువాత, అప్పునకు బయలుదేరక ముందు, ఇంటివాడు స్వయముగా చేసికొనదగిన విచారణ కొంత కలదు. దానినే నేడు మనవి చేయదలచితిని.

మా యింటి సంగతియే చెప్పెదను. నా మేనల్లుడొకడు ఋణము తీసికొని పాత పికప్పు బండిని కొని, దానిమీదనే కుటుంబమును పోషించుకొనుచున్నాడు. మిరపకాయల కాలమున నొకనాడు బండికి గేర్లు సరిగా పడుట మానెను. వెనుక గేరు వేయబోయిన గరగరమని అఱచును. మొదటి గేరు బలముగా త్రోసినగాని పడదు. పట్టణమున నొక షెడ్డులో చూపగా, అచ్చటివారు క్రిందికి వంగియైనను చూడక, "గేర్‌బాక్సు పోయినది, దింపి వేఱొకటి వేయవలెను" అనిరి. వాడు ఇంటికి వచ్చి, భార్య గాజులను కుదువకు మూటగట్టుచుండగా నేను పోయితిని.

"ఏమిరా, ఇంజన్ ఆపియున్నప్పుడు గేర్లు పడుచున్నవా?" అని యడిగితిని.

"అన్నియు సుళువుగానే పడుచున్నవి, మామయ్యా."

"ఇంజన్ నడుచుచుండగా క్లచ్చును రెండు మూడు మాఱులు గబగబ త్రొక్కి వేసి చూచితివా?"

"అట్లు త్రొక్కిన పడును. కొంతసేపటికి మరల మొదటి రీతియే."

"అట్లయిన గాజులను పెట్టెలో పెట్టుము. ముందు బానెట్టు ఎత్తుము" అంటిని.

చూడగా క్లచ్ ఆయిలు డబ్బాలో అడుగున కొంచెము మాత్రము మిగిలియున్నది. గేర్‌బాక్సు ప్రక్కనున్న చిన్న సిలిండరు చుట్టును తడిగా నున్నది. లోపలి రబ్బరు అఱిగి ఆయిలు కాఱిపోవుచున్నది. క్రొత్త రబ్బరు వేయించి, ఆయిలు పోయించి, గొట్టములోని గాలిని తీయించగా, బండి మఱునాటి ఉదయమున మిరపకాయలతో బయలుదేరెను. గేర్‌బాక్సునకు ఏ దోషమును లేదు.

ఇది మెకానిక్కులను నిందించుటకు చెప్పిన కథ కాదు. మంచి మెకానిక్కు మంచి వైద్యునితో సమానుడు. కాని రోగి తన బాధను సరిగా చెప్పలేనప్పుడు మంచి వైద్యుడైనను పొరపడవచ్చును. మన వైద్యశాస్త్రమున రోగిని పరీక్షించుటకు దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అను మూడు మార్గములు చెప్పబడినవి. అనగా చూచుట, తాకుట, అడుగుట. బండికిని ఈ మూడే చాలును.

మొదట బండిలో బలము నడచు దారిని తెలిసికొందము. ఇంజన్ తిరుగును. క్లచ్ ఆ తిరుగుడును గేర్‌బాక్సుతో కలుపును, పెడలు త్రొక్కినప్పుడు విడదీయును. గేర్‌బాక్సు అవసరమునుబట్టి వేగమును బలమును మార్చును. పొడవైన షాఫ్టు ఆ తిరుగుడును వెనుకకు గొనిపోవును. వెనుక ఇరుసు నడుమ నున్న డిఫరెన్షియల్ దానిని రెండు చక్రములకు పంచును. ఈ దారిలో ఎచ్చట చెడినను కూర్చున్నవానికి "గేర్లు చెడినవి" అనియే తోచును. కాబట్టి వ్యాధి ఏ స్థానమున నున్నదో నిర్ణయించుటయే నిదానము.

ఇక ప్రశ్నలు. మొదటి ప్రశ్న నేను మేనల్లుని అడిగినదే. ఇంజన్ ఆపినప్పుడు గేర్లన్నియు సుళువుగా పడి, ఇంజన్ నడుచునప్పుడు పెడలు పూర్తిగా త్రొక్కినను గరగరలాడినచో, క్లచ్ పూర్తిగా విడిపోవుట లేదని తలపవలెను. పెడలును పలుమాఱులు త్రొక్కగా గుణము కనబడినచో, ఆయిలు తక్కువయై యుండును, లేదా గొట్టములో గాలి చేరియుండును. కొన్ని పాత బండ్లలో ఆయిలుకు బదులు తీగ యుండును. అది సాగినను ఇట్లే యగును. అట్లుగాక ఇంజన్ ఆపినను గేరు పడకున్నచో, గేరు కఱ్ఱ క్రిందనున్న కీళ్లను చూడవలెను. అవి బాగుగా నున్నచో అప్పుడు గేర్‌బాక్సు లోపలి దోషమును శంకింపవలెను.

రెండవ ప్రశ్న: బాధ ఒక్క గేరునకా, అన్నింటికా? అన్నింటికి ఉన్నచో క్లచ్చును ముందు చూడవలెను. ముందు గేర్లలో ఒక్కటి మాత్రమే వేయునప్పుడు అఱచుచు, తక్కినవి చక్కగా పడుచున్నచో, ఆ గేరు వేగములను సరిపుచ్చు సింక్రో రింగు అఱిగినదని ఊహింపవచ్చును. వేసిన గేరు దానంతటదియే జాఱి వెలికి వచ్చుచున్నచో లోపల పండ్లో స్ప్రింగులో అఱిగియుండును. ఒక్కొక్కప్పుడు ఇంజన్‌ను పట్టియుంచు రబ్బరు దిమ్మలు విఱిగినను ఇట్లు జరుగును. ఆ దిమ్మలను చూడక గేర్‌బాక్సును దింపరాదు.

మూడవ ప్రశ్న: బరువుతో ఎత్తెక్కునప్పుడు ఎట్లున్నది? మార్కాపురము పలకలు నింపుకొని గిద్దలూరునుండి నంద్యాలకు నల్లమల ఘాటెక్కు బండిని తలచుకొనుడు. ఇంజన్ హోరు పెరుగుచున్నది గాని బండి వేగము పెరుగుట లేదు. కాలిన వాసన వచ్చుచున్నది. ఇది మొదటి వ్యాధికి వ్యతిరేకము. అచ్చట క్లచ్ విడిపోలేదు, ఇచ్చట పట్టుట లేదు. ప్లేటు అఱిగియుండవచ్చును, లేదా దానిపై నూనె పడియుండవచ్చును.

దీనికి ఒక పరీక్ష కలదు. చదునైన ఖాళీ నేలపై బండిని నిలిపి, ముందు ఎవరును లేకుండ చేసి, చేతి బ్రేకును గట్టిగా లాగి, చక్రములకు ముందు వెనుకల పెద్ద రాళ్లు పెట్టుడు. నాలుగవ గేరు వేసి, ఇంజన్‌ను హెచ్చింపక, పెడలును మెల్లగా వదలుడు. ఇంజన్ వెంటనే ఆగిపోయినచో ప్లేటు కొంతవఱకైనను పట్టుచున్నదని యర్థము. పెడలు పూర్తిగా వదలినను ఇంజన్ తిరుగుచునే యున్నచో ప్లేటు జాఱుచున్నది. ఈ పరీక్ష ఒక్క మాఱే చేయవలెను. పదేపదే చేసిన ఉన్న ప్లేటు కూడ కాలిపోవును.

నాల్గవ ప్రశ్న చప్పుడును గూర్చినది. బండి నిలిచియుండి, గేరు లేక, ఇంజన్ నడుచుచుండగా వచ్చు చప్పుడు, పెడలు త్రొక్కగానే ఆగినచో, గేర్‌బాక్సు లోనికి పోవు షాఫ్టు బేరింగును శంకింపవలెను. పెడలు త్రొక్కినప్పుడే చప్పుడు పుట్టినచో అది క్లచ్ బేరింగు. కదలునప్పుడు టక్కుమని కొట్టినచో పొడవైన షాఫ్టు కీళ్లను చేతితో కదలించి చూడవలెను. ఏ గేరులో నున్నను బండి వేగముతోబాటు హెచ్చుచు తగ్గుచు నుండు మూలుగు వెనుక డిఫరెన్షియల్ దగ్గఱనుండి వచ్చుట కలదు.

ఇక దర్శనము. రాత్రి బండి నిలిపిన చోట పాత అట్టముక్క యొకటి పఱచుడు. ఉదయమున చుక్క ఎచ్చట పడినదో చూచినచో కాఱు స్థానము తెలియును. గేర్‌బాక్సు ప్రక్కన ఆయిలు మట్టము చూచుటకు ఒక బోల్టు ఉండును. బండి చదునుగా నిలిచి, చల్లారియున్నప్పుడు దానిని విప్పినచో, సాధారణముగా ఆయిలు ఆ రంధ్రపు అంచువఱకు ఉండవలెను. కొంచెము ఆయిలును వ్రేళ్ల నడుమ రాచి చూడుడు, అదియే స్పర్శనము. సన్నని బూడిదవంటి పొడి కొంత యుండుట వింత కాదు. వ్రేలికి గ్రుచ్చుకొను ఇనుప పెళుకులు దొరకినచో మాత్రము వ్యాధి నిజముగా ముదిరినది. అప్పుడు గేర్‌బాక్సును దింపించుటయే యుక్తము. ఏ రకపు ఆయిలు పోయవలెనో బండితో వచ్చిన పుస్తకమున చూచి పోయించుడు. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి క్రిందికి ఎవరును దూరరాదు. ఎంత చిన్న పనికైనను ఈ నియమమును మీఱకుడు.

క్లచ్ పెడలు లేని బండ్లను గూర్చియు కొంత చెప్పవలెను. అమెరికాలో నున్న మన పిల్లలు నడుపు పికప్పులలో అనేకము ఇట్టివి. మన దేశమునను ఇవి వచ్చినవి. టయోటా హైలక్స్ పికప్పు 2022లో ఆటోమేటిక్ గేర్లతోను ఇచ్చటికి వచ్చినది. వీనిలో ఇంజన్‌కును గేర్లకును నడుమ ప్లేటునకు బదులు ద్రవము పనిచేయును. రెండు ఫ్యానులను ఎదురెదురుగా నుంచి ఒకదానిని తిప్పినచో, దాని గాలికి రెండవది తిరుగును గదా! గాలికి బదులు ఆయిలు ఉన్నదనుకొనుడు. జర్మనీ దేశీయుడగు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఈ సూత్రమునకు పేటెంటు పొందెను. అమెరికాలో జనరల్ మోటార్సువారు 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్ కార్లలో హైడ్రామాటిక్ అను పేరుతో ఆటోమేటిక్ గేర్లను అమ్మకమునకు తెచ్చిరి.

ఇట్టి బండికి ఆయిలే ప్రాణము. తిప్పుట, చల్లబఱచుట, గేర్లు మార్చుట అన్నియు దానివలననే. గేరు వేసిన తరువాత బండి ఆలస్యముగా కదలుట, ఇంజన్ హోరెత్తినను బండి సాగకుండుట, గేరు మాఱునప్పుడు కుదుపు కొట్టుట అనునవి దీని రోగలక్షణములు. పాత బండ్లలో ఈ ఆయిలును చూచుటకు ప్రత్యేకముగా కొలతపుల్ల యుండును. చాల బండ్లలో ఇంజన్ వెచ్చబడి, నడుచుచుండగా, చదునైన నేలపై, గేరు కఱ్ఱను పార్కు స్థానమున నుంచి చూడవలెను. కొన్నింటికి న్యూట్రల్ అని పుస్తకమున వ్రాసియుండును. ఆయిలు తేటగా ఎఱ్ఱగా నుండుట మేలు. నల్లబడి మాడు వాసన కొట్టినచో లోపలి ప్లేట్లు కాలినవి. పాలవలె తెల్లబడినచో నీరు కలిసినది. తక్కువైనచో కాఱుట ఎచ్చటనో వెదకి పోయవలెను. మితిమీఱి పోసినచో నురుగెత్తి అదియు చెఱుపే.

ఒక హెచ్చరిక. మన దేశమున 2014లో మారుతి సుజుకి సెలెరియో కారుతో వచ్చిన ఎ.ఎం.టి. పద్ధతి వేఱు. దానిలో మామూలు ప్లేటును మామూలు గేర్లును ఉండును, త్రొక్కు పనిని యంత్రము చేయును. రెండే పెడళ్లున్నవి గదా యని దానికిని ఈ ఆయిలు పరీక్ష చేయబోకుడు.

ఇంతవఱకు వ్యాధిని కనుగొను విధము చెప్పితిని. అది పుట్టు విధమును రెండు మాటలలో చెప్పెదను. బండి శక్తికి మించిన బరువు, పెడలుపై కాలు ఊరక ఆనించి నడుపుట, ఎత్తుమీద బ్రేకునకు బదులు సగము త్రొక్కిన క్లచ్చుతో బండిని నిలుపుట, ఈ మూడును ప్లేటును తినివేయును. దోర్నాలనుండి శ్రీశైలము పోవు ఘాటువంటి దారులలో దిగునప్పుడు నూనె ఆదా యగునని గేరు తీసి వదలుట మఱింత ప్రమాదము. అప్పుడు భారమంతయు బ్రేకులమీద పడును. ఇంజన్ ఆపినచో బ్రేకునకు దాని సాయము కూడ తప్పిపోవును. ఇచ్చట పోవునది ప్లేటు కాదు, ప్రాణము.

ఒకనాడు నేనును పొరపడితిని. ఆ మేనల్లుని బండియే రెండేండ్ల తరువాత మూలుగసాగగా, మొదటి అనుభవముతో గర్వించి, "ఏమియు లేదు, నడుపుము" అంటిని. మట్టపు బోల్టు విప్పి చూడలేదు. ఆయిలు ఎండి, బేరింగు విఱిగి, ఈ తడవ గేర్‌బాక్సు నిజముగానే చెడెను. వెనుక మిగిలిన గాజులు అప్పుడు కుదువకు పోయినవి. పరీక్షింపక "పోయినది" అనుట ఎంత తప్పో, పరీక్షింపక "ఏమియు లేదు" అనుటయు అంతే తప్పు.

కాబట్టి మీ యింటి పిల్లవాడు "గేర్లు పోయినవట" అని వచ్చినప్పుడు అతనిని కసరకుడు, వెంటనే డబ్బును తీయకుడు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఆయిలు చూపింపుడు. దొరకిన సమాధానములను ఒక కాగితముపై వ్రాసి, ఆ కాగితముతో మెకానిక్కు నొద్దకు పంపుడు. మంచి మెకానిక్కు దానిని చదివి సంతోషించును.