గడి గోడలు చెప్పే చరిత్ర

పాత ఇంటి చరిత్ర అనగానే సాధారణంగా ఆ వంశ చరిత్రయే మనకు స్ఫురిస్తుంది. ఎవరు కట్టించినారు, ఎవరు అనుభవించినారు, ఎవరెవరు పంచుకొన్నారు అన్నంతటితో కథ ముగుస్తుంది. తెలంగాణములోని దేశముఖుల గడీలకు ఈ పద్ధతి చాలదు. గడి ఒక కుటుంబానికి నివాసము; ఊరంతటికీ అదే కచ్చేరి, అదే ఠాణా, అదే గాదె.

గరిడేపల్లి, హుజూర్‌నగర్, సూర్యాపేట ప్రాంతాలు నిజాం రాజ్యములో నల్లగొండ జిల్లాలోనివి. శిస్తు వసూలు చేయడం పూర్వము దేశముఖుల పని. పందొమ్మిదవ శతాబ్దిలో మొదటి సాలార్‌జంగు ఆ పనిని సర్కారు ఉద్యోగులకు అప్పగించి, దేశముఖులకు పరిహారంగా రుసుములు ఏర్పాటు చేసినాడు. వసూలు హక్కు పోయినది గాని, పెత్తనము పోలేదు. రైతులు సాగుచేసుకొనే భూములెన్నో క్రమంగా వారి పేర పట్టా అయినవి. సూర్యాపేట తాలూకా ఎర్రపహాడు దేశముఖుకు లక్షా యాభై వేల ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ గ్రంథంలో వ్రాసినారు.

ఇక గడిని చూడండి. ఎత్తయిన ప్రహరీ, మూలలందు బురుజులు, ఏనుగు పట్టునంతటి దర్వాజా, లోపల చావడి, గాదెలు, బావి. ఈ వైభవము వెనుక ఉన్నది వెట్టి. చాకలి బట్టలుతికేవాడు, కుమ్మరి కుండలిచ్చేవాడు, మాదిగ చెప్పులు కుట్టి తెచ్చేవాడు, గొల్ల గొఱ్ఱెను తోలుకొని వచ్చేవాడు. స్త్రీలు వడ్లు దంచేవారు, పిండి విసిరేవారు. కూలి అడిగే నోరు ఎవరికీ లేదు.

ఆ నోరు 1940 తరువాతి సంవత్సరాలలో విచ్చుకొన్నది. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో విసునూరు దేశముఖు కుటుంబపు ఇంటివద్ద సాగిపోతున్న ఊరేగింపుపై కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య మరణించినాడు. సాయుధ పోరాటానికి అదే నాంది అయినది. భూస్వాముల ఇండ్లలోనుంచి సైతము ఎదురు గొంతు వినబడింది. కరివిరాల కొత్తగూడెములో అట్టి కుటుంబములో పుట్టిన మల్లు స్వరాజ్యము, పసితనముననే ఆంధ్ర మహాసభ పిలుపు నందుకొని, కూలివారికి తమ ఇంటి బియ్యము పంచిపెట్టింది. గాదె తలుపు లోపలినుంచే తెరుచుకొన్నది!

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసినది. 1949లో జాగీర్లు రద్దయినవి, 1950లో కౌలుదారీ చట్టము వచ్చినది, 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడినది. దొరలలో పెక్కుమంది పట్నము చేరినారు. కొన్ని గడీలు పాడుపడినవి. కొన్ని బడులుగా, కార్యాలయాలుగా మారినవి.

ఈ గోడలను కూల్చివేయవలెనా, నిలుపవలెనా అని నేడు పలువురు అడుగుతున్నారు. నిలుపవలసినదే. కాని బురుజు అందము, దూలముల పనితనము మాత్రమే చెప్పి ఊరుకొంటే అది సగము చరిత్ర. వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి రంగాచార్య తమ నవలలలో తక్కిన సగాన్ని చూపించినారు. వెట్టి చేసిన చేతులెరిగిన వృద్ధులు ఊళ్లలో ఇక కొద్దిమందే. గడి గోడకు సున్నము వేయకముందే వారి మాట వ్రాసిపెట్టుకోవాలి. ఆ ఇంటికి యజమాని పేరు ఒక్కటే. దానిని నిలబెట్టినవారి పేర్లు వందలు. ఆ పేర్లు దొరికిననాడే ఇంటి చరిత్ర పూర్తి అవుతుంది.