చేస్తూ నేర్చుకునే చదువు - చేసే హక్కు ఎవరిది?

(ఉన్నత విద్యలో స్త్రీల స్థితిగతుల మీద జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం "వ్యవస్థాపకతలో పీజీ చదువు - ఆడపిల్లలకి అవకాశాలు". అవకాశాలు అనే మాట దగ్గరే నాకు కొంచెం ఇబ్బంది ఉంది. అవకాశం ఎక్కడో సిద్ధంగా ఉందనీ, అమ్మాయిలు ధైర్యం చేసి అందుకోవడమే తరువాయనీ ఆ మాట చెబుతుంది. నేను సోషియాలజీ చదువుకున్నదాన్ని, వ్యాపారం చేసినదాన్ని కాదు. కానీ కొన్నేళ్ళుగా ఒక విశ్వవిద్యాలయంలో ఈ కోర్సు విద్యార్థులకి ఒక పేపరు చెబుతున్నాను. అక్కడ చూసినవి, నేను చేసిన ఒక పొరపాటుతో సహా, మీ ముందు పెడతాను.

ముందు ఈ చదువేమిటో చెప్పాలి. ఇది రెండేళ్ళ డిగ్రీ. ఎంబీఏ లాగా ఎవరి కంపెనీలోనో ఉద్యోగానికి తయారుచేసే చదువు కాదు. మొదట లెక్కలు, మార్కెట్ సర్వే, కొంచెం చట్టం చెబుతారు. తర్వాత ముగ్గురు నలుగురు విద్యార్థులు కలిసి నిజంగానే ఒక వ్యాపారం మొదలుపెట్టాలి. సరుకు తయారుచెయ్యాలి, అమ్మాలి, జమాఖర్చులు చూపించాలి. థీసిస్ బదులు ఆ వ్యాపారానికే మార్కులు. ఇది మనం కనిపెట్టిన పద్ధతి కాదు. ఫిన్లాండులో 1993లో మొదలైన టీమియాకటేమియాలో డిగ్రీ విద్యార్థులు తరగతి గది బదులు సొంత కంపెనీలు నడుపుతూ చదువుకుంటారు. స్వీడన్‌లో చాల్మర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం 1997 నుంచి పీజీ విద్యార్థుల చేత పరిశోధనాశాలల్లో పుట్టిన ఆవిష్కరణలతో కంపెనీలు పెట్టిస్తోంది. మన దేశంలో వ్యవస్థాపకత నేర్పడానికే 1983లో అహ్మదాబాద్‌లో ఒక సంస్థ ఏర్పడింది. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ 2007లో సోషల్ ఆంట్రప్రెన్యూర్‌షిప్‌లో ఎం.ఏ. ప్రారంభించింది.

ఈత పుస్తకం చదివితే రాదు, నీళ్ళలో దిగాలి అంటారు మా సహోద్యోగులు. నిజమే. అయితే ఆ చెరువు దాకా ఎవరిని వెళ్ళనిస్తారు, మునిగిపోతే ఎవరిని పైకి లాగుతారు అన్నవి మాత్రం సిలబస్‌లో లేవు.

ఈ చదువు చరిత్రలోనే ఆ ఖాళీ ఉంది. విశ్వవిద్యాలయ స్థాయిలో వ్యవస్థాపకత మీద మొదటి కోర్సుగా చెప్పేది 1947లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో మైల్స్ మేస్ చెప్పిన పాఠం. ఆ స్కూలు రెండేళ్ళ ఎంబీఏలోకి స్త్రీలని నేరుగా చేర్చుకున్నది 1963లో! ఆ మరుసటి ఏడాది, 1964లో, అదే హార్వర్డ్‌కి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ కాకినాడ వ్యాపారస్తులకి హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో 'సాధించాలన్న తపన' నేర్పించే ప్రయోగం చేశాడు. వ్యాపార దక్షత పుట్టుకతో వచ్చేది కాదు, నేర్పితే వస్తుందని ఆ ప్రయోగం చెప్పింది. కులాలూ సంప్రదాయాలూ ఉన్న సమాజం వ్యాపారానికి పనికిరాదన్న వాదనకి అది మంచి జవాబు. వింటర్‌తో కలిసి మెక్లెలాండ్ 1969లో ప్రచురించిన ఆ పుస్తకం నేను పిహెచ్.డి. చేసే రోజుల్లో చదివాను. మాది కాకినాడ పక్కనే సామర్లకోట. మా ప్రాంతం పేరు అలాంటి పుస్తకంలో చూసి గర్వపడ్డాను. తర్వాత అందులో ఆడవాళ్ళ కోసం వెతికాను. అది మగ వ్యాపారస్తుల పుస్తకం.

నేను వెతికింది మా అమ్మ కోసమని చాలా ఆలస్యంగా తెలిసింది. మా అమ్మ ఇరవై ఏళ్ళు జాకెట్లు కుట్టింది. గుడ్డ బేరం చేసేది, అరువు ఎవరికివ్వాలో ఎవరికివ్వకూడదో చూసుకునేది, పండగలకి ఇద్దరు అమ్మాయిల్ని కూలికి పెట్టుకునేది. మిషను నాన్న పేరున వాయిదాల మీద కొన్నది. నా స్కూలు దరఖాస్తుల్లో తల్లి వృత్తి అన్నచోట 'గృహిణి' అని రాసేవాళ్ళం. పెద్దయ్యాక నేనే స్వయంగా రాశాను. ఇంట్లోనే ఉన్న వ్యాపారి నాకు కనిపించలేదు.

ఇక మా కోర్సు సంగతి. ఒక బ్యాచ్‌లో ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు ఉన్న బృందం కొర్రలు, జొన్నలతో జంతికలు, చెక్కలు చేసి అమ్మింది. ఆలోచన ఒక అమ్మాయిది. ఆమె అమ్మమ్మ చేసే పద్ధతి. పిండి ఎంత వేయించాలి, నూనె పీల్చకుండా ఏం చెయ్యాలి అన్నది ఆమెకే తెలుసు. పని ఎలా పంచుకున్నారో చూడండి. వంట, ప్యాకింగు, లెక్కల పుస్తకం అమ్మాయిలది. దుకాణాల చుట్టూ తిరగడం, డబ్బు వసూలు, వేదికెక్కి మాట్లాడడం అబ్బాయిలది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. హాస్టలు గేటు తొమ్మిదింటికి మూస్తారు, దుకాణదారుకి తీరిక దొరికేది తొమ్మిది తర్వాత. బండి అబ్బాయికి ఉంది. అంతా 'సహజంగా' జరిగిపోయింది. ఇంట్లో శ్రమ విభజన కూడా ఇలాగే సహజంగా జరిగిపోతుంది కదా!

వ్యాపారానికి ఒక చిరునామా కావాలి. ఒక అబ్బాయి తండ్రికి ఖాళీ గది ఉంది. కాబట్టి ఫుడ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా ఆ అబ్బాయి పేరున తీసుకున్నారు. పెట్టుబడి కూడా ఎక్కువ భాగం ఆ ఇంటినుంచే వచ్చింది. చివర్లో పరీక్షక కమిటీ ముందుకి వచ్చారు. బయటినుంచి వచ్చిన ఒక మదుపరి అబ్బాయిని "వచ్చే మూడేళ్ళలో ఎంత పెంచుతారు?" అని అడిగాడు. అమ్మాయిని "పెళ్ళయితే ఎలా నడుపుతారు?" అని అడిగాడు. ఇది ఆ ఒక్క మనిషి మోటుతనం కాదు. డానా కాంజే, ఆమె సహ పరిశోధకులు న్యూయార్క్‌లో జరిగిన పోటీల్లో మదుపరుల ప్రశ్నల్ని పరిశీలించి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. మగవాళ్ళని లాభం, పెరుగుదల గురించీ, ఆడవాళ్ళని నష్టం, భద్రత గురించీ ఎక్కువగా అడుగుతున్నారని తేల్చారు. అడిగిన ప్రశ్నని బట్టే వచ్చే పెట్టుబడి కూడా మారుతోంది.

నలుగురికీ మంచి గ్రేడు వచ్చింది. కోర్సు అయిపోయింది. వ్యాపారం మాత్రం ఆగలేదు, ఆ అబ్బాయి కొనసాగించాడు. ఆ అమ్మాయి తన వాటా గురించి అడిగితే "నీకు గ్రేడు వచ్చిందిగా" అన్నారట. ఆమె నా గదికి వచ్చి, "మేడమ్, వాటా కాగితం మీద రాసుకోవాలని మాకు ఎవరూ ఎందుకు చెప్పలేదు?" అంది. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. వాళ్ళ జమాఖర్చుల పుస్తకం బాగుందని మెచ్చుకున్నాను. లైసెన్సు ఎవరి పేరున ఉందని అడగలేదు. ఆస్తి హక్కుల మీద పాతికేళ్ళుగా ఉపన్యాసాలు వింటున్నదాన్ని, ఇస్తున్నదాన్ని!

1932 భాగస్వామ్య చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే భాగస్వాములందరికీ లాభంలో సమాన వాటా ఉంటుంది. కానీ అది భాగస్వామ్యమేనని చూపించాలి. లైసెన్సు, ఖాతా ఒక్కరి పేరునే ఉంటే, రిజిస్ట్రేషను లేకపోతే, కోర్టు గడప ఎక్కడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఆ అమ్మాయి ఎక్కలేదు. ఇప్పుడు ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు రాస్తోంది.

ఇంకో అమ్మాయి విషయం. ముడిసరుకు కోసం వెళితే ఒక టోకు వ్యాపారి అరువిస్తానన్నాడు, "సాయంత్రం ఒక్కదానివే రా" అన్నాడు. ఆమె వెళ్ళలేదు. సరుకూ రాలేదు, గడువూ దాటింది, మార్కులు తగ్గాయి. నేను ఈ సంగతి ఎత్తితే "అది క్యాంపస్ బయట జరిగింది కదా" అన్నారు. నిజానికి లైంగిక వేధింపుల మీద 2015లో యు.జి.సి. ఇచ్చిన నిబంధనల్లో క్యాంపస్ అంటే గోడల లోపలే కాదు. క్షేత్ర పర్యటనలకి, ఇంటర్న్‌షిప్‌కి విద్యార్థిగా వెళ్ళిన చోట్లు కూడా అందులోకి వస్తాయి. మార్కులకోసం మనమే బజారుకి పంపించి, బజారు మాది కాదనడం ఏం న్యాయం?

ఆస్తి సంగతికి వద్దాం. మన రాష్ట్రంలో 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన హక్కు ఇచ్చారు. అప్పటికే పెళ్ళయినవాళ్ళకి మాత్రం ఇవ్వలేదు. 2005లో దేశమంతటికీ చట్టం వచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నా లేకపోయినా హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా నా తరగతిలో "మీ పేరున సెంటు భూమి ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి" అంటే అబ్బాయిల చేతులే ముందు లేస్తాయి. చాలామంది అమ్మాయిలు "మా వాటా పెళ్ళికి ఇచ్చేస్తారు మేడమ్" అంటారు. చిన్న పరిశ్రమలకి 10 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగవద్దని రిజర్వ్ బ్యాంకు 2010లోనే బ్యాంకులకి చెప్పింది. శాఖకి వెళితే మాత్రం "నాన్నగారినో మీవారినో తీసుకురండి" అంటారని నా విద్యార్థినులు చెబుతారు. ఇది మన దగ్గరే పుట్టింది కాదు. అమెరికాలో వ్యాపార రుణానికి స్త్రీ వెనక మగ బంధువు సంతకం ఉండాలనే రాష్ట్ర చట్టాలకి తెరపడింది 1988లో.

ఈ కోర్సులో "ఓడిపోండి, దాన్నుంచి నేర్చుకోండి" అనే మాట పదేపదే వినిపిస్తుంది. ఎవరు ఓడిపోగలరు? తండ్రికి దుకాణం ఉన్న అబ్బాయి రెండు లక్షలు పోగొట్టుకుంటే అనుభవం అంటారు. అమ్మ మెడలో పుస్తెలు తాకట్టు పెట్టి ఫీజు కట్టిన దళిత అమ్మాయి ఇరవై వేలు పోగొట్టుకుంటే ఆ ఇంట్లో చెల్లెలి చదువు ఆగిపోతుంది. ఇద్దరినీ ఒకే కొలతతో కొలిచి మార్కులు వేస్తున్నామంటే, వాళ్ళ దక్షతతోపాటు వాళ్ళ ఇంటి కులాన్నీ ఆస్తినీ కూడా కొలుస్తున్నట్టే.

అలాగని ఈ చదువు వద్దని నేను అనడంలేదు. ఉద్యోగాలివ్వలేని ప్రభుత్వాలు 'స్వయం ఉపాధి' అనే మాట వెనక దాక్కుంటాయని మనం డ్వాక్రా రోజులనుంచీ అంటున్నాం. 2010లో మైక్రోఫైనాన్స్ అప్పులు మన గ్రామాల్లో ఏం చేశాయో చూశాం. అప్పు మోస్తున్న ప్రతి ఆడమనిషినీ వ్యాపారవేత్త అని పొగడ్డం ఒక మోసం. ఆ జాగ్రత్త ఉండాల్సిందే. కానీ ఈ కోర్సులోనే మొదటిసారి ధర తానే నిర్ణయించి, నాలుగు వందలు లాభం లెక్కపెట్టుకుని, "ఇది నాది" అన్న అమ్మాయిల ముఖాలు కూడా నేను చూశాను. ఆ అనుభవాన్ని వాళ్ళకి దక్కకుండా చేసే అధికారం మనకి లేదు. మార్చవలసింది షరతుల్ని.

మా విభాగం ముందు పెట్టిన డిమాండ్లు ఇవి. మొదటిది, వ్యాపారం మొదలుపెట్టేముందే వాటాల ఒప్పందం రాసుకోవాలి. అది లేకుండా పరీక్షకి రానివ్వకూడదు. ఆలోచనకీ, చాకిరీకీ, పెట్టుబడికీ విడివిడిగా వాటా రాయాలి. రెండోది, విత్తన పెట్టుబడి విశ్వవిద్యాలయమే అందరికీ సమానంగా ఇవ్వాలి. ఇంటి డబ్బు తెచ్చి ఎక్కువ మార్కులు కొనుక్కునే వీలుండకూడదు. మూడోది, పనులు మార్చి మార్చి చెయ్యాలి. వసూలుకీ, బ్యాంకుకీ అమ్మాయిలు, వంటకీ ప్యాకింగుకీ అబ్బాయిలు కూడా వెళ్ళాలి. నాలుగోది, బజారు పనికి వెళ్ళిన ప్రతి చోటూ క్యాంపస్ కిందే లెక్క. ఫిర్యాదుల కమిటీ ఆ బాధ్యత రాతపూర్వకంగా తీసుకోవాలి. హాస్టలు వేళలు కూడా పనికి తగ్గట్టు మారాలి. అయిదోది, పాఠం చెప్పడానికి మదుపరుల్నే కాదు, పొదుపు సంఘాల్లో పచ్చళ్ళు పెట్టి అమ్మినవాళ్ళని, కూరగాయల బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగినవాళ్ళని పిలవాలి, డబ్బిచ్చి పిలవాలి.

మొదటి డిమాండు ఒప్పుకున్నారు. నాలుగోదాని మీద ఇంకా పోట్లాడుతున్నాం. మిగతావి "చూద్దాం" దగ్గర ఉన్నాయి. మీ మీ కాలేజీల్లో ఇలాంటి కోర్సులు ఉంటే ఒక్క పని చెయ్యండి. ఈ ఏడాది విద్యార్థులు మొదలుపెట్టిన వ్యాపారాల జాబితా తీసుకుని, లైసెన్సు ఎవరి పేరున ఉందో, ఖాతా ఎవరి పేరున ఉందో, పని ఎవరు చేస్తున్నారో మూడు గళ్ళు గీసి రాయండి. ఆ కాగితంతో వెళ్ళి అడగండి. నేను ఆ మూడు గళ్ళూ ఒక ఏడాది ఆలస్యంగా గీశాను. ఆ ఏడాది వెల ఒక అమ్మాయి కట్టింది.