పత్రికలో మనవాళ్లు

(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కర్నూలులో చేసిన ప్రసంగ పాఠం)



పత్రికా పఠనం గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము పండితులం కాము. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసినవాళ్లం. కాగితం విలువ, కాగితం లేకపోతే మనిషి పడే అగచాట్లు మాత్రం మాకు బాగా తెలుసు. అందుకే పత్రికల గొప్పతనాన్ని కాక, పత్రికల్లో మా ఇంటివాళ్లు మాకు కనిపించిన మూడు సందర్భాలను మీ ముందుంచుతాము. వాటిలో రెండు సంతోషించదగినవి కావు. అయినా మూడింటినీ చెప్పవలసిన అవసరం ఉంది.

మా అబ్బాజాన్ దర్జీ. కొండారెడ్డి బురుజుకు కొద్ది దూరంలో, ఒక సందు మొదట్లో ఆయన దుకాణం. మిషను ఒకటి, బల్ల ఒకటి, బల్ల మీద రెండు పత్రికలు. ఒకటి హైదరాబాదు నుండి ఒక పూట ఆలస్యంగా వచ్చే ఉర్దూ 'సియాసత్'. రెండవది తెలుగు 'ఆంధ్రప్రభ'. ఉర్దూ పత్రిక అబ్బాజాన్ కోసం, తెలుగు పత్రిక దుకాణానికి వచ్చేవారి కోసం. ఆయనకు తెలుగు మాటలు ధారాళంగా వచ్చు, తెలుగు అక్షరాలు రావు. మేము మునిసిపల్ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదువుకున్నాము. సాయంకాలం బడి నుండి రాగానే తెలుగు పత్రికను మేము పైకి చదవాలి, ఆయన గుండీలు కుడుతూ వినాలి. ఆ తర్వాత ఉర్దూ పత్రికను ఆయన చదివితే మేము వినాలి. ఇరుగుపొరుగు దుకాణాలవారు కూడా వచ్చి బల్ల చుట్టూ కూర్చునేవారు. వారిలో హిందువులూ ఉండేవారు, ముస్లిములూ ఉండేవారు. ఒక్క పత్రికను పది మంది చదివిన రోజులవి.

ఇది మా ఒక్క దుకాణపు విశేషం కాదు. మన దేశపు తొలి ఉర్దూ పత్రిక 'జామే జహాఁ నుమా' 1822లో కలకత్తాలో వెలువడినప్పుడు దాన్ని నడిపినవారు హరిహర దత్తు, సంపాదకులు సదాసుఖ్‌లాల్. 1940లలో హైదరాబాదు నుండి 'మీజాన్' ఉర్దూ, తెలుగు, ఆంగ్ల భాషల్లో వెలువడింది. దాని తెలుగు పత్రికకు అడివి బాపిరాజు గారు సంపాదకులు. ఉర్దూ ఒకరిది, తెలుగు మరొకరిది అన్న గిరి అప్పటి పత్రికా కార్యాలయాల్లోనూ లేదు, మా దుకాణపు బల్ల మీదా లేదు.

ఇక మొదటి సందర్భం. ఆ రోజుల్లో ఉర్దూ పత్రికలను కాతిబులు చేత్తో రాసేవారు. ఆ రాతను ఫలకాలకెక్కించి అచ్చువేసేవారు. చెన్నై నుండి 1927లో మొదలైన 'ముసల్మాన్' పత్రిక ఆ చేతిరాతను మిగిలినవారంతా వదిలిన తర్వాత కూడా కొనసాగించి ప్రసిద్ధి పొందింది. అబ్బాజాన్ ముందుగా చదివేది మొదటి పేజీని కాదు, లోపలి పేజీలో 'ఇంతిఖాల్' శీర్షిక కింద ఉండే మరణ వార్తలను. ఎవరు పోయారు, జనాజా నమాజు ఏ మసీదులో, ఖననం ఏ ఖబ్రస్తానులో, వెనుక ఎవరెవరు మిగిలారు అన్నది నాలుగు పంక్తుల్లో ఉండేది. ప్రతి పేరు దగ్గరా ఆగి "ఇన్నాలిల్లాహి" అనేవారు. ముక్కూ మొహం తెలియనివారికి కూడా దువా చేసేవారు.

ఒకనాడు ఆయన చదువుతూ చదువుతూ ఆగిపోయారు. పత్రికను మడిచి, దుకాణం మూసి, ఇంటికి బయలుదేరారు. హైదరాబాదులో ఉండే మా మామూజాన్, అంటే అమ్మీకి పెద్దన్న, పోయారన్న వార్త అది. టెలిగ్రాం మాకు అందలేదు. ఖననం అంతకు ముందు రోజే అయిపోయింది. అమ్మీ ఆ పత్రికను చేతిలోకి తీసుకుని, వెనుక మిగిలినవారి వరుసలో 'ఒక చెల్లెలు, కర్నూలు' అన్న చోట వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నారు. ఆమె పేరు అందులో లేదు, ఊరి పేరే ఉంది. అయినా అన్నగారి చివరి లెక్కలో తానున్నానన్న సంగతి ఆమెకు ఆ ముక్క వల్లనే తెలిసింది. ఆ ముక్కను తన ఖురాన్ జుజ్‌దాన్ లోపల దాచుకున్నారు.

రెండవది సంతోషకరమైన సందర్భం. 1974లో మా ఆపా పదవ తరగతి పరీక్ష రాసింది. మా వంశంలో ఆ పరీక్ష దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమె. ఆడపిల్లకు అంత చదువెందుకని అన్నవారు బయటివాళ్లు కాదు, మా బంధువులే. ఆ కాలంలో ఫలితాలు పత్రికల్లోనే వచ్చేవి. ఉత్తీర్ణులైనవారి నంబర్లను శ్రేణుల వారీగా, చీమల బారుల్లా, పేజీల కొద్దీ అచ్చువేసేవారు. పేరుండదు, ఊరుండదు, ఉండేది అంకెలే. ఆ ఉదయం బస్టాండుకు వెళ్లి పత్రికను తెచ్చినవారు అబ్బాజానే. మమ్మల్ని పిలవలేదు. తెలుగు అక్షరాలు రాని ఆయనకు అంకెలు వచ్చు కదా! కొలతల టేపు మీది అంకెలే ఆయన జీవితం. మొదటి శ్రేణి వరుసలన్నీ వేలితో వెతికి, రెండవ శ్రేణిలో ఆపా నంబరు కనుక్కుని, బట్ట మీద గీతలు గీసే నీలి పెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుట్టారు. తెలుగు పత్రికలో అబ్బాజాన్ తనంతట తాను చదివిన వార్త అదొక్కటే. ఆ రోజు సందులోని ప్రతి దుకాణానికీ ఆ పేజీ వెళ్లింది, దాని వెంట ఒక మిఠాయి పొట్లం కూడా వెళ్లింది.

మూడవది చెప్పడానికి నోరు రాదు. 1990లలో మా పట్టణంలో ఒక గొడవ జరిగింది. ఆ సాయంకాలం సైకిలు మీద ఇంటికి వస్తున్న మా చాచా కుమారుణ్ణి పోలీసులు తీసుకువెళ్లారు. మర్నాడు ఒక పత్రికలో అతని పేరు, తండ్రి పేరు, వయస్సు, వీధి, అన్నీ తప్పు లేకుండా అచ్చయ్యాయి. నిందితుల జాబితా అది. రెండు రోజుల తర్వాత, అతనికి ఆ గొడవతో సంబంధం లేదని తేల్చి, కేసు లేకుండా ఇంటికి పంపించారు. ఆ సంగతి మాత్రం ఏ పత్రికలోనూ రాలేదు. ఖాయమైన పెళ్లి సంబంధం తప్పిపోయింది. అతను పనిచేసే చోట ఇక రావద్దన్నారు.

మేము తెలుగులో ఒక లేఖ రాసి సంపాదకులకు పంపాము. జవాబు లేదు. రెండవ లేఖను రిజిస్టర్డ్ పోస్టులో, అందినట్లు రసీదు వచ్చేలా పంపాము. రసీదు వచ్చింది, జవాబు రాలేదు. అంతటితో ఊరుకున్నాము. అదే మా తప్పు. ఏ దస్త్రం ఏ బల్ల మీదికి పోతుందో తెలిసిన గుమాస్తాలం, పత్రిక మీద ఫిర్యాదు ఎక్కడ చేయాలో తెలుసుకోలేకపోయాము. 1978 నాటి చట్టం కింద ఏర్పడిన ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అప్పటికే ఉంది. ముందు సంపాదకునికి రాయాలి, అక్కడ న్యాయం జరగకపోతే, దినపత్రిక విషయంలో వార్త అచ్చయిన రెండు నెలల లోపు కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపాలి. దీనికి రుసుము లేదు. ఈ ఒక్క సంగతి తెలియక మా తమ్ముడి పేరు మీది మచ్చను తుడవలేకపోయాము. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తర్వాత హైదరాబాదులో ఎందరో యువకులను పట్టుకువెళ్లినప్పుడు, వారిలో పలువురు తర్వాత నిర్దోషులుగా బయటపడినప్పుడు మాకు అతనే జ్ఞాపకం వచ్చాడు. పట్టుకున్న నాటి అక్షరాలెంత పెద్దవి, వదిలిన నాటి అక్షరాలెంత చిన్నవి!

ఇప్పుడు ఈ మూడు ముక్కలూ ఏమయ్యాయో చెప్పాలి. దర్జీలకు పాత పత్రికలతో పని ఉంటుంది. కుర్తాకు, జాకెట్టుకు నమూనాలు కత్తిరించుకునేది వాటితోనే. ఉర్దూ పత్రికలో ఆయతులు, హదీసులు ఉంటాయి గనుక అబ్బాజాన్ దానికి కత్తెర పెట్టేవారు కాదు, విడిగా పైన దాచేవారు. తెలుగు పత్రికలతోనే నమూనాలు కత్తిరించి, ఎవరి కొలతో ఉర్దూలో దాని మీద రాసి, చుట్ట చుట్టి, మేడ మీది గదిలో ఒక ఇనుప పెట్టెలో ఉంచేవారు. ఆయన పోయాక ఆ పెట్టెను మేము తెరవనే లేదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ మన పట్టణంలోకి ఎలా వచ్చాయో మీలో చాలామంది చూశారు. మా ఇంటి కింది భాగమంతా మునిగింది. రేషన్ కార్డులు, ఇంటి దస్తావేజులు, ఆపా విద్యార్హత పత్రాలు, అమ్మీ జుజ్‌దాన్, అందులోని మామూజాన్ వార్త, అన్నీ బురదలో కలిసిపోయాయి. ఆపా అప్పటికి ఉర్దూ పాఠశాలలో ఉపాధ్యాయిని. సర్వీసు పుస్తకానికి, రేపటి పింఛనుకు పదవ తరగతి పత్రమే ఆధారం. నకలు కోసం దరఖాస్తు చేయాలంటే పరీక్ష నంబరు, సంవత్సరం, నెల కావాలి. ముప్పై అయిదేళ్ల నాటి నంబరు ఎవరికి గుర్తుంటుంది? చదివిన పాఠశాల రిజిస్టర్లు కూడా ఆ నీటిలోనే తడిశాయి.

అప్పుడు మేడ మీది ఇనుప పెట్టె జ్ఞాపకం వచ్చింది. నమూనాలన్నీ ఒక్కొక్కటే విప్పాము. చాచాది, మాది, చిన్నప్పటి తమ్ముడిది, కాగితాల మీద ఒక్కొక్కరి ఛాతీ, చేతి పొడవు, అన్నీ అబ్బాజాన్ చేతిరాతలో ఉన్నాయి. అడుగున కత్తెర పడని పేజీ ఒక్కటి, నాలుగు మడతలతో ఉంది. విప్పితే నీలి సున్నా కనిపించింది. ఆపా ఆ నంబరును చదవలేకపోయింది, మేము చదివి దరఖాస్తులో రాశాము. కొన్ని నెలలకు నకలు పత్రం వచ్చింది. పత్రికా ముక్క తనంతట తాను రుజువు కాదు, కార్యాలయమూ న్యాయస్థానమూ దాన్ని రుజువుగా తీసుకోవు. కాని అసలు రుజువు ఏ రిజిస్టరులో, ఏ తేదీ కింద ఉందో అది దారి చూపుతుంది.

సోదరులారా, పదవీ విరమణ తర్వాత మేము బస్తీల్లో తిరిగి, పేదవారి కాగితాలు సరిచేయడంలో సాయపడుతున్నాము. ఒకే మనిషి ఒక కార్డులో 'ఖాసిం', మరొక దానిలో 'కాశీం', ఇంకొక దానిలో 'ఖాశీం వలి'. ఆ మనిషి ఒక్కడేనని నిరూపించడానికి అతని కుమారులు నెలల తరబడి తిరుగుతున్నారు. అందుకే కొన్ని విన్నపాలు చేస్తున్నాము.

ఇంట్లో ఎవరి పేరు, నంబరు, ఫొటో పత్రికలో వచ్చినా కత్తిరించి, పత్రిక పేరు, తేదీ, పేజీ దాని మీద రాసి పెట్టండి. తేదీ లేని ముక్క చిత్తు కాగితంతో సమానం. పేరు మార్పు, భూసేకరణ, వక్ఫు ఆస్తులకు సంబంధించిన ప్రకటనలు కనిపిస్తే గెజిట్ సంఖ్యతో సహా భద్రపరచండి. మన గురించి తప్పు వార్త వస్తే బాధపడి ఊరుకోకుండా ఆ వారమే లేఖ రాయండి, నకలు దగ్గర ఉంచుకోండి, గడువు దాటనివ్వకండి. మంచి వార్తను కూడా మనమే రాసి విలేఖరికి అందించండి. మన పిల్ల చదువులో నెగ్గితే, మన మసీదు వీధివారికి వరదలో అన్నం పెడితే, ఆ వార్త దానంతట అది పత్రికకు నడిచి వెళ్లదు. ఇక పిల్లలకు తెలుగుతో పాటు ఉర్దూ అక్షరాలు కూడా నేర్పండి. మా మనుమలు ఆ నమూనాల మీది దాదా చేతిరాతను చదవలేకపోతున్నారు. తమ కొలత ఏదో, తమ తండ్రి కొలత ఏదో వారికి మేమే చెప్పవలసి వస్తోంది.

చివరగా ఒక మాట. తమ్ముడి పేరున్న ఆ జాబితా పేజీ కూడా మా దగ్గర ఉంది. "భాయ్‌జాన్, దాన్ని చించేయండి" అని అతను చాలాసార్లు అడిగాడు. మేము చించలేదు. మా రెండు లేఖల నకళ్లు, పోస్టు రసీదు దానికి జతచేసి, గుండుసూది గుచ్చి, ఆపా నంబరున్న పేజీ పక్కనే ఉంచాము. మా తర్వాత పెట్టె తెరిచే పిల్లలకు ఆ పేజీ ఒంటరిగా దొరకకూడదు. దానికి మనం చెప్పిన జవాబుతో కలిసి దొరకాలి.