యంత్రంలో తేడా లేదు

 

ఈ హాల్లో ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో కెమిస్ట్రీ, ఫార్మసీ, కెమికల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లే ఎక్కువ. కాబట్టి ఒక కెమిస్టు సంగతి చెప్తాను. 1997లో అమెరికాలోని మిన్నెసోటాలో, త్రీఎం కంపెనీ ల్యాబులో క్రిస్ హాన్సెన్ అనే యువతి పనిచేస్తుండేది. ఆ కంపెనీ తయారుచేసే పీఎఫ్ఓఎస్ అనే ఫ్లోరిన్ రసాయనం మనుషుల రక్తంలో ఉందేమో చూడమన్నారు. ఫ్యాక్టరీ కార్మికుల రక్తంలో ఉందంటే అర్థముంది. పోల్చి చూద్దామని తెప్పించిన మామూలు జనం రక్తంలోనూ అదే కనబడింది. యంత్రంలో ఏదో తేడా ఉండుంటుందన్నారు పైవాళ్లు. ఆమె వేరే యంత్రం మీద చూసింది, వేరేచోట్ల నుంచి రక్తం తెప్పించింది. కనబడుతూనే ఉంది. అది లేని రక్తం కోసం వెతగ్గా వెతగ్గా, కొరియా యుద్ధకాలం నాటి సైనికుల నుంచి తీసి దాచిన పాత శాంపిళ్లు దొరికాయి. వాటిలో లేదు. అప్పటికింకా ఆ సరుకు ఇళ్లలోకి రాలేదు మరి.

అసలు విషయం ఏమిటంటే, జనం రక్తంలో ఇలాంటి ఫ్లోరిన్ సమ్మేళనం కనిపిస్తోందని ఇద్దరు పరిశోధకులు 1975లోనే ఆ కంపెనీకి ఫోన్ చేసి చెప్పారు. ఆ మాట ఆమె చెవిన ఎవరూ వేయలేదు. పీఎఫ్ఓఎస్ తయారీ ఆపేస్తామని కంపెనీ ప్రకటించేసరికి 2000 వచ్చింది.

పీఎఫ్ఓఎస్ లాంటి రసాయనాల కుటుంబాన్ని మొత్తంగా పీఎఫ్ఏఎస్ అంటున్నారు. వేల రకాలున్నాయి. కార్బన్–ఫ్లోరిన్ బంధం ఎంత గట్టిదో మీరు పరీక్షల్లో రాసే వచ్చారు. ఆ బంధం స్వభావం వల్లే రెయిన్‌కోటుకి నీళ్లంటవు, పిజ్జా డబ్బాకి నూనె అంటదు, మస్కారా చెమటకి చెదరదు. ఆ గట్టిదనం వల్లే అవి మట్టిలో కలిసినా, నీళ్లలో కలిసినా పోవు. ఒంట్లో చేరిన పీఎఫ్ఓఎస్ సగానికి తగ్గాలన్నా ఏళ్లు పడుతుంది.

అలాగని ఇంటికెళ్లి అమ్మ వాడే నాన్‌స్టిక్ పెనం బయటపడేయకండి. మాడ్చనంతవరకు ఆ పూతతో పెద్ద భయం లేదు. పూత తయారీలో వాడిన పీఎఫ్ఓఏ అనే మరో పీఎఫ్ఏఎస్ చేసిన నష్టమే పెద్దది. అమెరికాలో పార్కర్స్‌బర్గ్ చుట్టుపక్కల అది తాగునీళ్లలో కలిసింది. అక్కడ అరవై వేలకు పైగా జనం తమ రక్తాన్ని పరీక్షలకిచ్చారు. కోర్టు ఒప్పందంతో ఏర్పడ్డ శాస్త్రవేత్తల బృందం కిడ్నీ క్యాన్సరు, థైరాయిడ్ జబ్బు సహా ఆరు రోగాలకు దానితో సంబంధం ఉండొచ్చని తేల్చింది.

మొండి రసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం కింద 2019లో పీఎఫ్ఓఏని నిషేధ జాబితాలో చేర్చారు. అప్పటికే దాని స్థానంలో జెన్ఎక్స్ అనే దాయాది దిగిపోయింది. 2017లో ఉత్తర కరోలినాలోని కేప్ ఫియర్ నదిలో, అంటే జనం తాగే నీళ్లలో, అదీ బయటపడింది. చొక్కా మార్చిన దొంగని పోలీసులు గుర్తుపట్టనట్టుంది ఈ వ్యవహారం. ఒక్కో అణువుకీ విడిగా విచారణ పెడితే మన మనవళ్ల కాలానికీ తెమలదు. నిషేధిస్తే కుటుంబం మొత్తాన్నీ నిషేధించాలి, ప్రాణావసరాలకు మాత్రం మినహాయింపు ఇవ్వాలి. గుండె ఆపరేషన్‌లో వాడే కృత్రిమ రక్తనాళం, పళ్లసందులు శుభ్రం చేసుకునే దారం ఒకటి కావు కదా.

మిన్నెసోటా ఆ పని మొదలుపెట్టింది. త్రీఎం రసాయనాలతో నేలలోని నీరు పాడైన ప్రాంతంలో చదువుకున్న అమారా స్ట్రాండే, అరుదైన కాలేయ క్యాన్సరుతో పోరాడుతూనే శాసనసభ్యుల ముందుకెళ్లి మాట్లాడింది. 2023లో ఇరవయ్యొకటో ఏడు నిండకుండానే పోయింది. ఆమె పేరు మీదే చట్టం వచ్చింది. 2025 జనవరి 1 నుంచి వంటపాత్రలు, సౌందర్య సాధనాలు, పిల్లల సామాన్లు సహా పదకొండు రకాల సరుకుల్లో పీఎఫ్ఏఎస్ కావాలని కలిపినవి అక్కడ అమ్మకూడదు.

నాకు మరో దిగులుంది. ఇటలీలో విచెంజా దగ్గర పీఎఫ్ఏఎస్‌తో తాగునీటిని పాడుచేసిన మితెని ఫ్యాక్టరీ 2018లో దివాలా తీసింది. దాని యంత్రాలు వేలంలో అమ్ముడై మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాకి చేరాయి. ఒకచోట వద్దన్నది ఇంకోచోట దిగుతుంది. పటాన్‌చెరులో ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు ఏమైందో చూసినవాళ్లం, మనకి ఇది విడమరిచి చెప్పాలా? మనదేశం 2018 నియమాలతో ఏడు మొండి రసాయనాల్ని నిషేధించింది, మంచిదే. పీఎఫ్ఏఎస్ మొత్తానికి అలాంటి నియమం కావాలి, ఇక్కడే కావాలి.

మిన్నెసోటా చట్టం ప్రకారం 2032 నుంచి, తప్పదని ప్రభుత్వం ఒప్పుకున్నవి తప్ప, ఏ సరుకులోనూ ఇవి కలపకూడదు. అక్కడికి సరుకు పంపే మన కంపెనీలు ‘పీఎఫ్ఏఎస్ లేదు’ అని రాసివ్వాల్సి వస్తుంది. ఆ కాగితం హైదరాబాదులోనో విశాఖలోనో మీలో ఎవరో ఒకరి బల్ల మీదికి సంతకానికి వస్తుంది. పరీక్ష చేయకుండా సంతకం పెట్టకండి. ఫలితం నచ్చక ఎవరైనా యంత్రంలో తేడా ఉందేమో అంటే, ఇంకో యంత్రం మీద చేసి చూపించండి. ఇక నా మాటలు చాలు, మీ పేర్లు పిలవాలి.