ఉపాధ్యాయ కవి జాషువ



మహాకవి గుఱ్ఱం జాషువ బడిపంతులు కూడా. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పేద క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళు బోధించి, అనంతరం ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు పండితులైనారు. పురాణగాథలు వ్రాసినందుకు క్రైస్తవులు ఆక్షేపించారు. కులం పేరిట సాహిత్యసభల్లో సాటివారు అవమానించారు. ఇరువైపులా నిందలే! అయినా ఆయన కలం క్రీస్తును మరువలేదు, తెలుగును వీడలేదు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది.

తమిళనాట 2006 చట్టం తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. నాటినుండి హోసూరు, కృష్ణగిరి బడుల్లో తెలుగు నిలకడ గురువుల, తల్లిదండ్రుల పట్టుదలపైనే మరింతగా ఆధారపడింది. చిన్నారులారా! తమిళం చక్కగా నేర్వండి. అమ్మ పలికిన తెలుగును మాత్రం విడువకండి. జాషువ జీవితం నేర్పే పాఠమిదే.